లిఫ్టక్క మెట్లెక్కిన మహాసభ

ఇరవై ఏడేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషిని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? ఆసుపత్రిలోనూ, ఆఫీసు మేడల్లోనూ, అపార్టుమెంట్లలోనూ ఆవిడ లిఫ్టక్కే. నడుముకి పనిముట్ల బెల్టు, టోపీ కింద బిగించి దోపిన కొప్పు, చేతిలో టార్చిలైటు. ఆవిడ వస్తుంటే వాచ్‌మన్లు కుర్చీల్లోంచి లేచేవారు. లేవకపోతే ఏం వినాల్సొస్తుందో వాళ్లకి తెలుసు.

ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికొచ్చిన ప్రతివాడికీ మొదటి రోజే ఒక ప్రశ్న పడేది. "తాడు తెగుతుందా అని నన్నడక్కు. తెగితే ఏది పట్టుకుంటుందో చెప్పు." తాడు తెగితే పక్క పట్టాలను గట్టిగా కరుచుకునే ఇనుప దవడలు లిఫ్టుకి ఉంటాయి. వాటి దుమ్ము దులిపి, కదిపి చూస్తేగానీ ఆవిడ ఇంటికి కదిలేది కాదు.

అయితే ఆవిడకి పేరు తెచ్చింది చెయ్యి కాదు, నోరు. నడిమధ్యన ఆగిపోయిన లిఫ్టులో జనం చిక్కుకుంటే, ముందు తలుపు దగ్గర చేరి కబుర్లు మొదలుపెట్టేది. "లోపలెవరు? మూడో అంతస్తు మేష్టారేనా? నిన్న నన్ను చూసి మొహం తిప్పుకున్నారుగా, ఇవాళ దొరికారు!" అంటే లోపల ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వేవారు. ఇన్నేళ్లలో ఒక్కరూ కళ్లు తిరిగి పడిపోయిన పాపాన పోలేదు.

ఈ సంగతి ఏ నోట పాకిందో, పరాయి దేశంలో జరగబోయే లిఫ్టు పనివాళ్ల మహాసభ నుంచి ఉత్తరం వచ్చింది. మీ మాటల విద్య గురించి పావుగంట చెప్పండి, రానూపోనూ టికెట్లు మావి అని. శుక్రవారంలోగా సంతకం పెట్టి పంపాలి.

లిఫ్టక్క ఆ కాగితాన్ని మూడుసార్లు మడిచి మూడుసార్లు విప్పింది. బడి మొహం ఐదేళ్లు మాత్రమే చూసిన తనని సభలో మాట్లాడమంటున్నారు! వెళ్లాలని ప్రాణం కొట్టుకుంది. వెళ్లడమంటే భయమేసింది.

ఇంట్లో వదినగారొకరు ఉన్నారు. భర్తకి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి కాబట్టి, ఆవిడ తలూపందే ఆ ఇంట్లో ఎవరూ ఊరు దాటరు. ఇక భర్త స్కూలు బస్సు నడుపుతాడు. బస్సులో ఎంత గట్టిగా స్టీరింగు పట్టుకుంటాడో ఇంట్లో అంత తేలిగ్గా వదిలేస్తాడు. చివర మాట్లాడినవాళ్లదే రైటంటాడు.

"ఆ ఊళ్లో గొడవలట, టీవీలో చూపించారు. రోడ్డు మీద టైర్లు తగలబెడుతున్నారు," అంది వదిన.

"నేనేమన్నా టైరునా వదినా?"

"నీ నోరు విన్నాక టైరు వదిలేసి నిన్నే అంటిస్తారు."

"అదీ నిజమే," అన్నాడు భర్త.

లిఫ్టక్క విసురుగా లేచింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పని నోటుబుక్కు ఉంది. "ఇలా కూర్చో వదినా. తాడుని చూసినట్టే దీన్నీ చూద్దాం. తెగేవన్నీ నువ్వు చెప్పు, పట్టుకునేవి నేను చెప్తాను." పేజీ నడుమ గీత గీసింది.

వదినకి ఇంతకన్నా ఇష్టమైన పని ఏముంది? కాళ్లు పైకి పెట్టుకుని మొదలెట్టింది. గొడవలా? అవి నదికి అవతల, సభ ఇవతల. అయినా సర్కారువారి ప్రయాణ హెచ్చరికలు రోజూ చూడటం, గుంపు కనబడితే తమాషా చూడకుండా వెనక్కి తిరగడం. పాస్‌పోర్టు పోతే? నకలు ఒకటి పెట్టె అడుగున, ఒకటి వదిన దగ్గర, మన రాయబార కార్యాలయం నంబరు బెల్టు జేబులో. జబ్బు చేస్తే? ప్రయాణ బీమా. ఎవడో టాక్సీ రమ్మంటే? ఎక్కదు, పగటిపూట దిగే విమానమే తీసుకుంటుంది, సభ తరఫున తీసుకెళ్లే మనిషి ఫోటో ముందే తెప్పించుకుంటుంది. భాష రాకపోతే? మన మాట తెలిసిన దుబాసీ అమ్మాయిని సభవాళ్లే ఇస్తున్నారు.

గంటన్నర అయ్యేసరికి ఎడమవైపు పద్నాలుగు, కుడివైపు పదమూడు. మిగిలినదాన్ని లిఫ్టక్క తనే రాసుకుంది: సభలో నోరు పెగలకపోతే? దాని ఎదురుగా రాయడానికేమీ తోచలేదు.

వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇన్ని రాశావు. ఏమే, నువ్వు దిగబోయే హోటల్లో లిఫ్టు ఎలాంటిదో అడిగావా?"

లిఫ్టక్క మొహం మాడిపోయింది. ఇరవై ఏడేళ్ల సర్వీసు! భర్త నవ్వబోయి, భార్య చూపు చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

అప్పటికప్పుడు ఆయన చేత ఫోన్లో హోటలుకి రాయించింది. మర్నాటికి జవాబొచ్చింది. గది ఎనిమిదో అంతస్తులో. లిఫ్టు తనిఖీ పత్రం ఫోటో కూడా పంపారు, అమాయకులు. గడువు దాటి మూడు నెలలు.

"మెట్లెక్కుతాను," అంది లిఫ్టక్క.

"ఎక్కు. మోకాళ్లకైనా బుద్ధొస్తుంది," అంది వదిన. "ఆ ఖాళీ సంగతంటావా, నీకు నోరు పెగలకపోవడమనే వింత నేనింకా చూడలేదు. సంతకం పెట్టు."

హోటల్లో అడుగుపెట్టేసరికి కౌంటరు వెనక మేనేజరు జుట్టు పీక్కుంటున్నాడు. సభకొచ్చిన రెండువందల మందీ కింది అంతస్తులోనే గది కావాలంటున్నారట! అందరూ ఆ లిఫ్టు పత్రం అడిగారట! మెట్ల మీద ఎటు చూసినా పెట్టెలు, రొప్పులు, ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడే నవ్వులు. లిఫ్టక్కకి పుట్టింటికి వచ్చినట్టనిపించింది.

సభ ఆ హోటల్లోనే, ఆరో అంతస్తులో. మర్నాడు పదిగంటలకి తన వంతు. ఉపన్యాసం రాసుకున్న కాగితం చేతిలో చెమటకి తడిసింది, అందులో మొదటి మాటే గుర్తురావడం లేదు. దుబాసీ అమ్మాయి జాడలేదు.

ఇంతలో కింద నుంచి కేక. పాపం, ఆ పిల్లకి లిఫ్టుల సంగతేం తెలుసు? దర్జాగా ఎక్కింది. అది నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగిపోయింది.

సభ మొత్తం మెట్లు దిగింది. ఇద్దరు మోటారు గదికి పరిగెత్తారు. మిగతావాళ్లు తలుపెలా తెరవాలో పది భాషల్లో కొట్లాడుకుంటున్నారు. లోపల నుంచి ఏడుపు: "ఊపిరాడటం లేదు!"

లిఫ్టక్క భుజాలతో దారి చేసుకుని తలుపు పక్కన చతికిలబడింది.

"ఏమ్మా అమ్మాయ్! రెండువందల మంది లిఫ్టు పనివాళ్లు మెట్లెక్కుతుంటే చూసి కూడా నీకు అనుమానం రాలేదూ?"

లోపల ఏడుపు ఆగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత చిన్న నవ్వు.

"పైన కంతలున్నాయి చూడు, గాలి వస్తూనే ఉంటుంది. నాలుగు లెక్కపెట్టి పీల్చు, నాలుగు లెక్కపెట్టి వదులు. ఆఁ, అలాగ. ఇప్పుడు నీ పని నువ్వు చెయ్యి. నేను చెప్పేది బయటున్న వీళ్లకి వాళ్ల భాషలో చెప్పు. గట్టిగా. పై మెట్టు మీదివాళ్లక్కూడా వినబడాలి."

తడిసిన కాగితాన్ని బెల్టు జేబులో కుక్కేసింది. లిఫ్టులో ఇరుక్కున్నవాడికి ముందు కావలసింది తాళంచెవి కాదు, తనని తిట్టడానికైనా ఒక మనిషి అని మొదలుపెట్టింది. మూడో అంతస్తు మేష్టారి కథ చెప్పింది. లోపల నుంచి ఆ పిల్ల గొంతు మొదట వణికింది, తర్వాత తేరుకుంది, చివరికి మేష్టారిని అనుకరించింది కూడా. మెట్ల మీద నవ్వులు అంతస్తు అంతస్తుకీ పాకాయి.

పదిహేడో నిమిషాన తలుపు తెరుచుకుంది. దుబాసీ అమ్మాయి జుట్టు సవరించుకుంటూ బయటికొచ్చి, "అక్కా, మధ్యలో ఒక మాట వదిలేశాను, మళ్లీ చెప్పనా?" అంది.

ఆ మధ్యాహ్నం రెండువందల మందీ చొక్కా చేతులు మడిచి ఆ లిఫ్టుని విప్పి, దులిపి, బిగించి, బరువుకి ఇసుక మూటలు వేసి నడిపి చూశారు. మొదట ఎవరు ఎక్కాలన్న దాని మీద మళ్లీ కొట్లాట. అందరూ లిఫ్టక్కని ముందుకి తోశారు. దుబాసీ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆవిడ ఎక్కింది, ఎనిమిదో అంతస్తులో దిగింది, గదిలోంచి ఇంటికి ఫోన్ చేసింది.

"వదినా, నోటుబుక్కు తియ్యి. ఆ ఖాళీలో రాయి."

"ఏం రాయను?"

"లోపల ఎవరో ఒకరు ఇరుక్కోవాలి, అని."

వదిన రాసుకుంటున్న చప్పుడు వినబడింది. వెనక నుంచి భర్త గొంతు, "అదీ నిజమే."