తమ్ముడి చేతి పని

తాండూరు నుంచి కరణ్‌కోటకు పోయే తోవలో, నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్ల నడుమ బండ్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద మల్లికార్జున్ పేరుంటుంది. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు షెడ్డు నడుపుతున్నది ఆయన అన్న దేవప్ప.

ఎక్కడైనా అన్న తమ్ముడికి పని నేర్పుతాడు. వీళ్లింట్లో అది తిరగబడింది. దేవప్ప నడివయసు దాకా పూడూరు దగ్గర తమ ఊళ్లో గొర్ల వెంట తిరిగినవాడు. తండ్రి చిన్నప్పుడే పోతే మంద కాసి, తల్లిని సాకి, తమ్ముణ్ని ఐటీఐ చదివించాడు. ఒక ఏడు రోగమొచ్చి మందలో సగానికి పైగా పోయింది. మిగిలినవాటిని అమ్ముకుని, దొడ్డి ముందు గొంగడి పరుచుకుని ఉత్త చేతులతో కూర్చున్నాడు. అప్పుడు మల్లికార్జున్ తాండూరు నుంచి వచ్చి అన్న చెయ్యి పట్టి లేపాడు.

"నువ్వు నాకు బువ్వ పెట్టినవ్. నేను నీకు పని నేర్పిస్త. నడువన్నా."

అట్లా తల నెరిసే వయసులో దేవప్ప పానా పట్టాడు. తమ్ముడికి ఎంత ఓపికంటే, ఒక్కనాడూ విసుక్కోలేదు. ఒక్క విషయంలో మాత్రం గట్టివాడు. "బోల్టు మొదలు వేళ్లతోనే తిప్పాలన్నా. మర చుట్లు వంకరబోతే వేళ్లకే తెలుస్తది. పానా ఎనుక" అనేవాడు. తాండూరులో ఆయన చేతికి పేరుండేది. ఆ చెయ్యి పడితే బండి మళ్లీ షెడ్డు ముఖం చూడదనేవాళ్లు.

అలాంటి మనిషి ఒకనాడు మధ్యాహ్నం షెడ్డులో నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోయాడు. వికారాబాద్ తీసుకుపోతే అక్కడి నుంచి పట్నం పంపారు. మెదడులో గడ్డ ఉందని, అది నిన్న మొన్నటిది కాదని డాక్టర్లు చెప్పారు. మల్లికార్జున్ మళ్లీ కళ్లు తెరవలేదు.

దినాలయ్యాక దేవప్ప షెడ్డు తెరిచాడు. తమ్ముడి భార్య దేవికను, ఆమె పిల్లలను చూడవలసినవాడు తనే. పేరు తమ్ముడిది, చెయ్యి తనది. తమ్ముడు నేర్పింది నేర్పినట్టు చేసుకుంటూ పోతే చాలనుకున్నాడు.

ఒక ఉదయం కందుల వ్యాపారి వెంకటేశ్వర్ సేటు తన పాత మారుతి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఆపాడో లేదో, బానెట్ గడగడ వణకడం మొదలుపెట్టింది.

"దేవప్పా, బండికి పికప్ లేదు. నిలబెడితే గిట్ల వణుకుతది. మొన్న మా ఇంటామెను వికారాబాద్ దవఖానకు తోలుకపోతుంటే అనంతగిరి గుట్ట ఎక్కలేక నడిమిట్లనే సతాయించింది. ఎనుక లారీలోల్లు ఒకటే హారన్లు. ఆమె మోకాళ్ల నొప్పితోటి దిగి నడుస్త అన్నది."

"ఎప్పటిసంది గిట్లున్నది సేటు?"

సేటు గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు కడపట ఇంజన్ విప్పి సాఫ్ చేసిండు సూడు, అప్పటిసందే జర తేడా ఉండె. ఆయన చెయ్యి పడ్డంక తప్పెట్లుంటది, బండే ముసల్దయిందనుకున్న. గంతల్నే మీ ఇంట్ల గట్లాయె. దుఃఖంల ఉన్నోల్ల తానికి బండి పట్టుకొని ఎట్లొస్త?"

దేవప్ప తాళంచెవి అందుకున్నాడు. "ఉంచి పోండి సేటు, నేను చూస్త" అన్నాడు.

తమ్ముడి తప్పు వెతకాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. పాత బండి, రాతి పొడి ఎగిరే ఊరు, ఏదో అడ్డుపడి ఉంటుందనుకున్నాడు. గాలి ఫిల్టర్ తీసి దులిపాడు. తెల్లటి పొడి రాలింది గాని వణుకు తగ్గలేదు. పెట్రోలు ధార చూశాడు, బాగానే వస్తోంది. ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే తీసి చూశాడు. ఏది తీసినా ఇంజన్ కుంగింది, అంటే మూడు సిలిండర్లూ పని చేస్తున్నాయి. ప్లగ్గులు విప్పితే ముక్కులు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. పెట్రోలు చాలక గాలి ఎక్కువైతే అట్లా అవుతుందని తమ్ముడు చెప్పాడు. గాలి ఎక్కడి నుంచో దొంగతనంగా దూరుతోంది.

ఇంజన్ తిరుగుతుండగా కార్బురేటర్ అడుగున అతుకు చుట్టూ కొద్దికొద్దిగా మసి కడిగే స్ప్రే కొట్టుకుంటూ వచ్చాడు. ఒక మూలకు రాగానే స్ప్రే సందులోకి దూరి, ఇంజన్ వణుకు మాని నిలకడగా తిరిగింది, మరుక్షణం మళ్లీ వణికింది. దోషం దొరికింది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, ఆ మూల బోల్టు మీద వేలు పెట్టాడు.

బోల్టు వంకరగా ఎక్కి ఉంది. మర చెడి, సగానికే ఆగిపోయి, కింద సన్నని సందు మిగిలింది.

దేవప్ప నమ్మలేదు. పక్కదాన్ని పట్టుకుంటే పానా లేకుండానే కదిలింది. గుట్ట ఎక్కకపోవడం ఒక్క దీనివల్లే కాదని తోచి ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ పట్టుకుని చూశాడు. గట్టిగా ఉండాల్సింది చేత్తో తిప్పితే తిరిగింది. దాని బోల్టూ బిగి లేదు. బండి తిరిగే కొద్దీ అది జరిగి జరిగి నిప్పు పడే టైమింగ్ వెనక పడింది. బండికి బలం పోయిందందుకే.

ఇది అజాగ్రత్త కాదు. మల్లికార్జున్‌కు అజాగ్రత్త తెలియదు. వేళ్లకు మర తెలియని చేతి పని ఇది, పానా గుంజే బలం లేని చేతి పని. గడ్డ నిన్న మొన్నటిది కాదన్న డాక్టర్ మాట దేవప్ప చెవిలో మళ్లీ పడింది. కూలిపోకముందే, ఇదే షెడ్డులో, తన పక్కనే తమ్ముడి చెయ్యి చచ్చుబడుతూ వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. సేటు బండి విప్పిన నాడు తను ఒక ట్రాక్టర్ కింద పడుకుని ఉన్నాడు. "అన్నా, జర వచ్చి గీ బోల్టు గుంజవా" అని తమ్ముడు పిలిచాడు. "నీకు చేతుల్లేవార? నేను నూనెల మునిగిన్న" అని తను నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు. మళ్లీ పిలవలేదు.

దేవప్ప బండి పక్కన మట్టిలో కూర్చుండిపోయాడు. పాలిష్ మిషన్ల హోరులో ఆయన ఏడుపు ఎవరికీ వినపడలేదు. చాలాసేపటికి లేచి, చెడిన మరను సరిచేసి, కొత్త బోల్టులు వేళ్లతో ఎక్కించి, ఆ తర్వాత పానా పట్టాడు. టైమింగ్ కుదిర్చాడు. బండి అడిగితే అడిగినంత లాగింది.

సాయంత్రం సేటు వచ్చి, ఒక చుట్టు తిరిగొచ్చి సంబరపడ్డాడు. "అరే, కొత్త బండి లెక్కనే ఉన్నది! తప్పెక్కడుండె?"

"బోల్టులు సరిగ్గ బిగియ్యలే సేటు."

సేటు ముఖం మారింది. "మల్లికార్జున్ బిగియ్యలేదా?"

"తమ్ముడు విప్పి సాఫ్ చేసిండు. బిగించే పని నాది. నేనే సరిగ్గ చెయ్యలే."

సేటు ఆయనను ఎగాదిగా చూశాడు. "నువ్వు చేసిన పనికి గుట్ట మీద మా ప్రాణాలు పోతుండె కదనయ్యా! ఆయన ఉన్నప్పటి ముచ్చట వేరే." డబ్బులు చేతిలో పెట్టి బండెక్కి పోయాడు. కాని తాండూరు బజారులో మాట ఆగుతుందా? సేట్ల కార్లు ఒక్కొక్కటే వికారాబాద్ షెడ్లకు మళ్లాయి. దేవప్పకు ట్రాక్టర్లూ ఆటోలూ మిగిలాయి.

బజారులో ఆ మాట విని దేవిక షెడ్డుకు వచ్చింది. "బావా, గా దినం సేటు బండి నువ్వు ముట్టనే లేదు. నేను సద్ది తెచ్చిన కదా, చూసిన. ఎందుకు మీదేసుకున్నవ్?"

దేవప్ప తల ఎత్తలేదు. "వాడు పిలిచిండమ్మా, నేను పోలే. చచ్చినోడు వచ్చి జవాబు చెప్పుకుంటడా? ఉన్నోన్ని నేను, నన్ననుకోనీ." ఆ తర్వాత, చూసిందంతా చెప్పాడు. వంకర పోయిన మర, వదులు బోల్టు, అన్నీ.

దేవిక గోడకు ఆనుకుని జారి కూర్చుంది. "నాకు ఎరుకనే బావా. పొద్దుగాల అంగీ గుండీలు నేనే పెడుతుంటి. వేళ్లు తిమ్మిరి అంటుండె. దవఖానకు పోదామంటే, పండుగయినంక పోదామనె. నీకు చెప్పొద్దని నాతోటి ఒట్టేయించుకున్నడు. 'అన్నకు తెలిస్తే పరేషానయితడు, నన్ను పానా ముట్టనియ్యడు' అన్నడు." కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను ఒట్టు తప్పి ఉంటే బతుకుతుండెనేమో."

"లేదు బిడ్డా" అన్నాడు దేవప్ప. నిజమో కాదో ఆయనకూ తెలియదు. ఆమెకు ఆ మాట కావాలి కనుక అన్నాడు.

తర్వాత్తర్వాత దేవప్పకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరిని చూసినా ముందు చేతులు చూస్తాడు. పక్కనే వెల్డింగ్ పని చేసుకునే ఎల్లప్ప, ఛాయ్ గ్లాసు రెండోసారి జారవిడిచిన రోజున, దేవప్ప తన షెడ్డు మూసేసి వచ్చి అతని ఎదుట నిలబడ్డాడు.

"నడువ్, దవఖానకు పోదాం."

"గ్లాసు పడితే దవఖానా? నీకేమన్న పిచ్చా దేవప్పన్నా?" అని ఎల్లప్ప నవ్వాడు. దేవప్ప నవ్వలేదు. ఆ ముఖం చూసి ఎల్లప్ప అంగీ తొడుక్కున్నాడు.

వికారాబాద్‌లో డాక్టర్ పరీక్షలన్నీ చేయించి, మెడ దగ్గర నరం ఒత్తుకుంది, బరువులు ఎత్తకుండా మందులు వాడితే సర్దుకుంటుందని చెప్పాడు. తిరుగు బస్సులో ఎల్లప్ప కిటికీ పక్కన కూర్చుని, "చెప్తిని కదా, ఏం లేదని! ఉత్తగ ఒక దినం పని పాడు చేస్తివి" అని ఒకటే ముచ్చట పెట్టాడు. పక్క నుంచి ఊ కొట్టే చప్పుడు లేకపోతే తిరిగి చూశాడు.

దేవప్ప మోచేతులు ముందు సీటు కమ్మీకి ఆనించి, ముఖం దాచుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నాడు.

"అన్నా, నాకేం లేదన్నడు కదనే" అన్నాడు ఎల్లప్ప కంగారుగా.

"అవురా. ఏం లేదన్నడు" అన్నాడు దేవప్ప. ఎల్లప్ప తన సీట్లోనే కొంచెం ఇటు జరిగి, తాండూరు వచ్చేదాకా ఆయనకు ఆనుకుని కూర్చున్నాడు.