మొదటి ఫొటో గేటుది

నెబ్రాస్కాలోని మా ఆర్న్‌డేల్ ఊరి కాఫీ హోటల్లో గోడ నిండా వెర్లీన్ తీసిన ఫొటోలే. పాడుబడ్డ స్టేషన్లు, కప్పు లేని బడులు, రైలు రాని వంతెనలు, ఊరు పోయాక మిగిలిన గోదాములు. ఒక్కో చోటికి ఒక్కో వరస. కొత్త వరసలన్నిట్లో మొదటిది గేటు.

దారిన పోయే లారీవాళ్లు గుడ్లు తింటూ అడుగుతారు. "ఈ గేట్ల పిచ్చేంటమ్మా?"

హోటలు నాది, గోడ ఆమెది. జవాబు మాత్రం ఎప్పుడూ నేనే చెప్పాలి.

వెర్లీన్ స్టాట్ జుట్టు నెరిసేదాకా స్కూలు బస్సు నడిపింది. ఏటేటా ఏదో ఒక ఇంటి ముందు బస్సు ఆపడం మానేయాల్సి వచ్చేది. పిల్లలు పెద్దవాళ్లయ్యేవారు, పెద్దవాళ్లు పట్నం పోయేవారు, తలుపు అక్కడే ఉండేది. ఉద్యోగం అయిపోయాక ఆమె ఆ తలుపుల దగ్గరికే తిరిగి వెళ్లింది, కెమెరాతో. అడగకుండా ఏ నేలలోనూ అడుగు పెట్టేది కాదు. లోపల పుల్ల కూడా కదిపేది కాదు. తీసిన వాటిలో మంచిది ఒకటి చట్రం కట్టించి ఆ నేల యజమానికి ఇచ్చేది.

ఆమె పుట్టింది మా ఊరి స్టేషను మీది గదుల్లో. తండ్రి స్టేషను మాస్టరు. వాళ్లింట్లో కెమెరా లేదు. ఆ గదులు, ఆ వంటింటి కిటికీ ఆమె తలలో తప్ప ఇంకెక్కడా లేవు. పట్టాలు పీకేశాక ఆ చెక్క స్టేషనును పశువుల రైతు డెల్మర్ వోబర్ వాళ్ల నాన్న కొని, దుంగల మీద దొర్లించుకుపోయి తన పచ్చికలో నిలబెట్టాడు. గోధుమలు పోసుకున్నాడు. ఇప్పుడు గోడ ఒరిగింది. దాని కిందికి దూడలు దూరుతున్నాయి. వచ్చే శనివారం ట్రాక్టరుతో లాగేస్తానని డెల్మర్ కబురు పెట్టాడు. "కావాలంటే ఈ లోపల వచ్చి ఫొటోలు తీసుకో," అన్నాడు.

ఆదివారం చర్చి అవగానే నా పికప్‌లో వెళ్లాం. గేటు బార్లా తీసి ఉంది. స్టేషను తలుపుకి తాళం. డెల్మర్ ఇంట్లో లేడు. వెర్లీన్ చుట్టూ తిరిగి, మెడ ఎత్తి మేడ మీది కిటికీ చూసింది. మళ్లీ వద్దామని బయల్దేరాం. గేటు దాటాక ఆమె దిగింది. వెనక్కి తిరిగి ఆ కిటికీనే చూస్తూ గేటు లాగి, గొలుసు తగిలించి ఎక్కింది. నేను చూస్తూనే ఉన్నాను. నాకూ ఏమీ అనిపించలేదు.

గేటు ఎలా ఉంటే అలా వదలాలి. ఇక్కడ పిల్లలకు నడకతో పాటు నేర్పే మాట అది. కానీ పశువుల మధ్య పెరిగిన చెయ్యి, మనసు వేరే చోట ఉంటే, గేటు కనబడగానే వేసేస్తుంది.

మర్నాడు సాయంత్రం డెల్మర్ హోటలుకే ఫోన్ చేశాడు.

"ఉందా ఆ బస్సమ్మ అక్కడ?"

ఫోను వెర్లీన్ చేతికిచ్చాను. అతని అరుపు నాకూ వినబడింది.

నీళ్ల తొట్టి గేటుకి ఇవతల ఉంది. ఆవులు అవతల ఉండిపోయాయి. నెబ్రాస్కా ఆగస్టు ఎండ. అరిచి అరిచి కంచె తోసుకుని వచ్చాయి. ఒక దూడ కాలు ముళ్లతీగకి చీరుకుపోయింది.

"టౌను మనిషి అయితే గేటు ముట్టుకునేదే కాదు," అన్నాడు డెల్మర్. "నీకు తెలుసే! తెలిసి వేశావు. ఇంక నా నేల మీదికి రాకు." పెట్టేశాడు.

వెర్లీన్ కాఫీ ముందు కూర్చుంది. తాగలేదు.

"శనివారం లాగేస్తాడే, ఓపల్," అంది నాతో.

"చెర్రీ పై కాల్చిస్తాను, పట్టుకెళ్దాం. ఆ పళ్ల రొట్టె అంటే వాడికి ప్రాణం."

"చీరుకుపోయిన కాలికి చెర్రీ పై ఏం చేస్తుందే?"

తెల్లారి తోలు చేతొడుగులు తెచ్చుకుని నా బండి ఎక్కింది. కెమెరా తేలేదు. డెల్మర్ కంచె దగ్గర ఒక్కడే తీగ లాగుతున్నాడు. మా బండి చప్పుడు విని కూడా తలెత్తలేదు. వెర్లీన్ వెళ్లి తీగ రెండో కొస పట్టుకుంది.

"వదులు. చెయ్యి తెగుద్ది."

"తెగనీ."

"మొండి ఘటానివి."

"నీ పిల్లలిద్దర్నీ బస్సులో భరించాను. మొండితనం అక్కడే నేర్చుకున్నా."

అతను నవ్వలేదు. కానీ మేకులు ఆమె చేతికి అందేలా జరిపాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ స్తంభం నుంచి స్తంభానికి జరిగారు. నేను దూడ కాలు కడిగి గుడ్డ మార్చాను. డెల్మర్ భార్య ఆర్డిత్ ఐసు వేసిన టీ, గుడ్డు శాండ్‌విచ్‌లు తెచ్చింది.

"నీ కిటికీ ఏదే?" అని అడిగింది వెర్లీన్‌ని.

వెర్లీన్ చూపించింది. అందరం చూశాం. గాజు లేని కిటికీ. దాన్లోంచి ఆకాశం.

డెల్మర్ తింటూ అన్నాడు, "కెమెరా ఏదీ?"

"తేలేదు."

"ఏం? ఫొటో కోసం రాలేదా?"

"ఫొటో కోసమే వచ్చాను. అడిగే మొహం లేక కెమెరా ఇంట్లో వదిలేశాను."

అప్పుడు నవ్వాడు. కాస్తే.

"రేపు పొద్దున రా. ఆ గేటు మాత్రం..."

"ఎలా ఉంటే అలా."

మర్నాడు గేటు దగ్గర బండి ఆపమంది. దిగి ముందు గేటు ఫొటో తీసింది. బార్లా తీసి ఉంది. "నా చెయ్యిని నేను నమ్మను," అంది. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా మొదటి ఫొటో గేటుదే.

లోపల మెట్ల మీద పావురాల రెట్ట, గోధుమ దుమ్ము. మీది గదిలో గోధుమలు ఆనుకున్నంత మేర గోడకాగితం రంగు పోలేదు. నీలం పువ్వులు. పొయ్యి వెనక ఒక మేకు. "నాన్న టోపీ దీనికే," అంది వెర్లీన్. స్టాండు నిలబెట్టి వెలుతురు కోసం కాచుకుంది. కిటికీలోంచి వెలుతురు నడిచి మేకు దాకా వచ్చింది. తీసింది.

కిందికి వచ్చాక డెల్మర్‌తో అంది, "మీ నాన్న గోధుమలు పోయకపోతే ఇది ఎప్పుడో పోయేది. థాంక్స్ డెల్మర్."

"ఆయనకి చెప్పు. కొండమీద పడుకున్నాడు."

నిజంగానే ఆ సాయంత్రం వెళ్లి ఆయన సమాధి దగ్గర చెప్పింది. కానీ దానికంటే ముందు ఒకటి జరిగింది.

మేం తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి అది వేసి ఉంది. గొలుసు కూడా తగిలించి ఉంది. వెర్లీన్ కెమెరా వెనక తెర మీద పొద్దుటి ఫొటో చూసింది. తీసి ఉన్న గేటు. ఎదురుగా వేసి ఉన్న గేటు. చెయ్యి వెయ్యలేదు.

"తిప్పు బండి."

"ఎందుకే? దాటి పోదాం పద."

"తిప్పమన్నానా!"

డెల్మర్ కొట్టం ముందు నిలబడి ఉన్నాడు, మా కోసమే అన్నట్టు.

"గేటు తీసి ఉండింది. ఇప్పుడు వేసి ఉంది. ఎలా వదలమంటావ్?"

"మీరు మేడ మీద ఉండగా నేనే వేసొచ్చా," అన్నాడు. "ఏం చేస్తావో చూద్దామని." నడుం మీద చేతులు వేసుకుని కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. "పో బస్సమ్మా, తీసేసి పో. ఆవులు దాహంతో ఉన్నాయి."

శనివారం స్టేషను నేలకూలింది. మేం చూడ్డానికి వెళ్లలేదు. వెర్లీన్ ఆ రోజంతా ఫొటోలు ప్రింటు తీసుకుంటూ కూర్చుంది. కిటికీ, మేకు ఉన్న ఫొటోకి మంచి చట్రం కట్టించి డెల్మర్‌కి పట్టుకెళ్లింది.

"ఇది నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు అతను. "నాకు గేటుది ఇవ్వు."

ఇప్పుడది వాళ్ల వంటింట్లో, నీళ్ల కుళాయి పైన ఉంది. కిటికీ ఫొటో మా హోటల్లో, ఉదయపు ఎండ పడే చోట.