సి షిఫ్టు కోడలు

మా కోడలు ప్రసన్నకి గట్టిగా మాట్లాడటం రాదు. పెళ్లికి ముందు వచ్చేదట. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన పిల్ల, రైలు కూత మీద కూతేసి పక్కింటి వాళ్లని పిలిచే రకం. మా ఇంటికొచ్చాక గొంతు దించింది. దించక ఏం చేస్తుంది? మా అబ్బాయి సూర్యం ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. మనుషుల తలల మీదుగా ఇనుము మోసుకెళ్లే పని. కాంట్రాక్టు మనిషికి సి షిఫ్టే ఎక్కువ పడుతుంది. రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర. ఆ నిద్ర చెడితే ఆ రాత్రి ఎవడి నెత్తిన ఏం పడుతుందో ఎవరు చెప్పగలరు?

అందుకని వాడికి సి షిఫ్టు పడిన వారం బారిడీహ్ బస్తీలో మా ఇంట్లో కుక్కరు పొయ్యెక్కదు. ఈల వేస్తుంది కదా మరి. అన్నం గిన్నెలోనే వార్చుకోవాలి. గుమ్మం గంట తీగ పీకేస్తాం. కూరల బండివాడు కూడా మా ఇంటి ముందు నోరు మూసుకుని పోతాడు. అత్తాకోడళ్లం పోట్లాడుకోవాలన్నా గుసగుసగానే. మీరెప్పుడైనా గుసగుసగా తిట్టి చూశారా? తిట్టు బయటికి రాదు, లోపలికి పోదు. గొంతులో చేపముల్లులా కూర్చుంటుంది.

ఆ పిల్ల పొద్దున్నే టెల్కో కాలనీలో ఒక క్యాంటీన్‌కి పోయి రొట్టెలు ఒత్తుతుంది. ఇంటికొచ్చి గిన్నెలు తోముకుని నడుం వాల్చొచ్చు కదా, వాల్చదు. గోడకి చేరగిలబడి ఏదో రాసుకుంటూ కూర్చుంటుంది. చదివింది హిందీ బడిలో. మాటలేమో మన తెలుగు, అక్షరాలేమో హిందీవి.

"ఏటే రాత్తన్నావు, కిరాణా సామాన్లా?" అని అడిగాను ఒకరోజు.

"నాటకం, అత్తా."

"మన బతుకు సాల్లేదేటి, మళ్లీ నాటకమొకటా?"

ఆ నాటకమే మొన్న ఆదివారం తెలుగు సంఘం హాల్లో చదివారు. వేషాలు వేయరు, తెరలు కట్టరు. కుర్చీల్లో కూర్చుని కాగితాలు చూసి చదవడమే. పెద్ద ఊళ్ల నుంచి వచ్చిన నాటకాలవాళ్లు, సినిమాలవాళ్లు విని, ఏది బాగుంది ఏది బాగోలేదు అని చెప్తారు. చదివిన వాటిలో ఒకదాన్ని ఎంచి విశాఖపట్నం తీసుకెళ్లి పెద్ద హాల్లో ఆడిస్తారు. ప్రసన్నకి ఆ ఆశ పట్టుకుంది. పట్టుచీర కావాలని నోరు తెరిచి అడగని మనిషి, ఇది మాత్రం అడిగింది. "ఒక్కసారి నా మాట పరాయి మనుసులు వినాల అత్తా. అంతే" అంది. నేను కాదనలేదు. వద్దన్నా వింటుందా?

హాల్లో ఒక నియమం ఉంది. పెద్దవాళ్లు చెప్పడం అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదట. మా కోడలికి ఆ కసరత్తు కొత్త కాదు.

నాటకంలో ఒక అత్త, ఒక కోడలు, మధ్యలో సి షిఫ్టు చేసి పడుకున్న కొడుకు. అత్త భాగం నా మనవరాలు శ్వేత చదివింది. కోడలి భాగం ఆ సంఘం పిల్లే రజని. కొడుక్కి ఒక్క మాట కూడా లేదు కాబట్టి మనిషి అక్కర్లేదన్నారు. ప్రసన్న ఒప్పుకోలేదు, పడుకున్న మనిషి కళ్లకి కనపడాలంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన సూర్యం, కళ్లు ఎర్రగా, గడ్డానికి మసితో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నాను తొంగుంటాను లెండి. నాకొచ్చిన ఏషం అదొక్కటే" అన్నాడు.

రెండు బల్లలు కలిపి దుప్పటి కప్పారు.

ఆరోజు చదివిన వాటిలో మాది ఆఖరుది. రజని, శ్వేత గుసగుసగా మొదలుపెట్టారు. కోడలు పుట్టింటికి వెళ్తానంటుంది, అత్త వద్దంటుంది. "పుట్టింటికి పోయి ఏటి సేత్తావు? పగలు అరుసుకోవచ్చనా?" అని శ్వేత చదివింది. అది నా మాట. నా మాటే, నా మనవరాలి నోట్లో. పక్కన కూర్చున్న అమ్మణ్ణి నన్ను మోచేత్తో పొడిచింది. పొడవదా మరి, మా గోడ పక్క గోడే కదా దానిది.

చివర్లో కోడలికి కోపం తన్నుకొస్తుంది. అరవబోతుంది. పడుకున్న మొగుడి వంక చూస్తుంది. నోరు మూసుకుని అన్నం గిన్నె మీద మూత పెడుతుంది. అక్కడితో ఆపేశారు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కుర్చీ కిర్రుమనలేదు. ఎవరి బిడ్డో ఏడవబోతే తల్లి ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. ఎందుకంటే మా సూర్యం నిజంగానే నిద్రపోయాడు. సగం నాటకంలోనే చిన్న గురక కూడా మొదలైంది. హాల్లో ఉన్నవాళ్లందరూ షిఫ్టుల కొంపల వాళ్లే. దొంగ నిద్రేదో మంచి నిద్రేదో వాళ్లకి ఒకరు చెప్పాలా?

ముంబైలో సీరియళ్లు రాసే సౌరభ్ అని ఒకతను మైకు అందుకున్నాడు. ఇక్కడ పెరిగినవాడే, తెలుగు తెలుస్తుంది గానీ నోరు తిరగదు. "దేఖియే, పబ్లిక్ జుడీ నహీ. ఏక్ తాలీ తక్ నహీ" అన్నాడు. జనానికి ఎక్కలేదట, ఒక్క చప్పట్టయినా లేదట. గొడవ ఏది, అరుపు ఏది అన్నాడు. అత్తకో చెంపదెబ్బ పెట్టమన్నాడు. అత్త తినాలో కొట్టాలో చెప్పలేదు. చివర్లో, "ఔర్ వో సోనేవాలా ఆక్టర్, కమాల్!" అని పడుకున్నవాడిని మెచ్చుకున్నాడు.

తర్వాత విశాఖపట్నం నుంచి వచ్చిన ఉమామహేశ్వరి గారు మాట్లాడారు. "విషయం ఉందమ్మా. కానీ అంత పెద్ద హాల్లో వెనక వరసకి గుసగుస వినపడదు. ఆఖర్న అత్త గట్టిగా అరవాలి, కొడుకు లేచి కూర్చోవాలి. అలా మారిస్తే ఇదే తీసుకెళ్తాను" అన్నారు.

నేనిక ఆగలేకపోయాను. వెళ్లి ఆవిడ చెవిలో చెప్పాను. "అమ్మా, జనానికి నచ్చక కాదు. ఆడు నిజంగా తొంగున్నాడు. రేత్రంతా డూటీ సేసొచ్చేడు. సప్పట్లు ఎవులు కొడతారు?"

ఆవిడ సూర్యం వంక చూశారు, జనం వంక చూశారు. తెలియకుండానే ఆవిడ గొంతు కూడా దిగిపోయింది. "అర్థమైంది పెద్దమ్మా. నాకర్థమైంది. కానీ అక్కడ టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ల ఇళ్లలో ఇలా ఎవరు పడుకుంటారు చెప్పండి?" అన్నారు. తర్వాత కోడలి వైపు తిరిగారు. "ఇప్పుడు నువ్వు మాట్లాడొచ్చు ప్రసన్నా. మారుస్తావా?"

ప్రసన్న లేచి నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. నేను వెనక నుంచి, "ఊఁ అనెయ్యే. నానే అరిసేనని రాసుకో, నాకేటి నట్టం" అన్నాను.

"అరిత్తే ఆయన లేత్తారు మేడమ్" అంది చివరికి. "లేత్తే రాత్రికి క్రేన్ ఎలా ఎక్కుతారు?"

"ఇది నాటకం కదమ్మా."

"నాటకంలోనైనా ఎక్కాల కదా మేడమ్."

ఆవిడ కాగితాలు సర్దుకుని లేచారు. ఏ నాటకం ఎంచారో వరండాలోకి వెళ్లి చెప్పారు, లోపల వాడు పడుకున్నాడని. పక్క బస్తీ సిద్ధగోరా వాళ్లది ఎంచారు. దాంట్లో చెంపదెబ్బలు రెండున్నాయి.

హాలు ఖాళీ అయ్యాక శ్వేత, "పాపా, ఉఠో" అని తండ్రి భుజం తట్టింది. సూర్యం ఉలిక్కిపడి లేచాడు.

"అయిపోనాదా? ఏటన్నారు?"

"మీ ఏషం ఒక్కటే బాగుందన్నారు" అంది ప్రసన్న.

వాడు నవ్వబోయి పెళ్లాం ముఖం చూసి ఆగాడు. "గురక పెట్టేనా?"

"పెట్టేరు."

"దాని వల్లే పోనాదా?"

"కాదు. లేవండి, ఆటో వచ్చింది. ఇంటికెళ్లి మిగిలింది పడుకుందురు గాని."

ఇంటికొచ్చి వాడు పరదా వెనక మళ్లీ పడుకున్నాడు. ఆ పిల్ల చీరైనా మార్చుకోకుండా బియ్యం కడిగి గిన్నెలో పోసింది. నేను వంటగది గుమ్మంలో చతికిలబడ్డాను.

"నన్నంత మంచిదాన్ని సేసి రాసేవేటే? నా తిట్లు సగం కూడా లేవు."

"మిగతాయి రాత్తే సదివే పిల్లలు లేసి పోతారత్తా."

"పోతే పోనారు. మళ్లీ రాత్తావా?"

"తెల్దు. అలిసిపోనాను."

అన్నం వార్చాక గట్టు మీద మడత గుడ్డ పరిచింది. గంజి వార్చిన మూత తీసి ఆ గుడ్డ మీద పెట్టింది. చప్పుడు రాలేదు.