తలకిందులుగా పెట్టిన చెనిక్కాయ గింజ

రెండేళ్ల కిందటి జూన్. కళ్యాణదుర్గం అవతల మా ప్రాథమిక పాఠశాల. అంతకు ముందటి కరువులో మా మూడో తరగతి పోగొట్టుకున్నది లెక్క వేశాను: పందొమ్మిది మందిలో ఏడుగురు అమ్మానాన్నలతో బెంగళూరు కూలికి వెళ్లిపోయారు. మండీలో కాటా పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకుని, తర్వాత టీచరునైన నాకు ఆ తీసివేత మింగుడుపడలేదు.

ఎనిమిదో మనిషి అదే తరగతి పిల్ల అనిత అయ్యేలా ఉంది. ఓ రోజు గుప్పెడు చెనిక్కాయ, అదే వేరుశనగ, గింజలు తెచ్చింది.

"సార్, మా ఇత్తనాల మూటలు తడిసినాయి. ఇవి మొలవకపోతే బెంగుళూరికి పోదామంటాండాడు మా నాయన."

జర్మినేషన్ టెస్ట్ చేద్దామన్నాను. అంటే, విత్తే ముందు కొన్ని గింజలను తడిలో ఉంచి ఎన్ని మొలుస్తాయో చూడటం. గాజు గ్లాసు అంచున తడి దూది, అందులో పది గింజలు. ఎదురుగా నా ఫోన్‌ను టైమ్‌లాప్స్‌లో పెట్టాం. అది కొద్దిసేపటికొకసారి ఒక ఫోటో తీసి, అన్నిటినీ వీడియోగా కలుపుతుంది. అనిత తరగతివాడే దస్తగిరి ఒక గింజను కావాలనే తలకిందులుగా పెట్టాడు.

"ఇది ఆకాశంలోకి మొలుస్తాది సూడండి సార్!"

నాలుగో రోజు అనిత నాయన నాగప్ప వచ్చాడు.

"ఏమప్పా సారూ, ఆడ నేలలో పదును ఆరిపోతాండాది, ఇత్తేదానికి గొర్రు కట్టాల. మా పాప సినిమాకు రమ్మనె."

బడిలోని స్మార్ట్ టీవీలో నాలుగు రోజులు అర నిమిషంలో నడిచాయి. తలకిందుల గింజ వేరు పైకి లేచింది, ఆగింది, మెల్లగా వంగి గింజను చుట్టుకుని కిందికి దిగింది. ఆరు గింజలు మాత్రం కదలనే లేదు.

"పదికి నాలుగు, నాయనా. ఐదు సాళ్లు ఏస్తే మొలిచేది రెండు సాళ్లే. ఏయొద్దు."

నేను చెప్పాల్సిన లెక్క అది. నేను నోరు తెరిచేలోపే అనిత చెప్పేసింది.

నాగప్ప టీవీ దగ్గరికి జరిగాడు. "ఆ తలకిందులది ఇంగొకసారి ఏయండి సార్," అన్నాడు. చూశాడు. "చిన్నప్పట్నుంచి ఇత్తుతాండా. ఇది ఒక్కనాడూ సూల్లేదు. మట్టిలో, ఆ చీకట్లో, కింద ఎటో దానికెట్ల తెలుస్తాదప్పా?"

"భూమి లాగుతుంది," అన్నాను.

"లాగితే లాగనీ. లాగుతాండాదని దానికెట్ల తెలుస్తాది?"

తడిసిన మూటలు నూనె మిల్లుకు పోయాయి. నాగప్ప బావమరిది దగ్గర కొర్రలు తెచ్చి ఆ పదునులోనే విత్తాడు. అనిత ఇప్పుడు మా బడిలోనే ఐదో తరగతి.

పిల్లలు లెక్కపెట్టేది వాళ్ల ఇంటిదైతే టీచరు పక్కకు తప్పుకుంటే చాలని ఆ రోజు తెలిసింది. నాగప్పకు మాత్రం, వేరుకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు, నేను ఇప్పటికీ జవాబు బాకీ. ఆటోలో కనిపిస్తే వదలడు.

"తెలిసినాదా సార్?"

"ఇంకా లేదప్పా."