పువ్వు కొయ్యకుండా లేసు జాకెట్టు

అమ్మ కుడిచేయి విరిగి కట్టు వేయించుకున్న వారానికే పక్కింటి అమ్మాయి పెండ్లి దగ్గరికొచ్చింది. గార్లదిన్నెలో మా వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ అమ్మే కుడుతుంది. ఆ అమ్మాయి అనంతపురంలో ఒక బట్టల అంగట్లో పనిచేస్తుంది. అంగడికి వచ్చిన సరుకులో మీగడరంగు లేసుగుడ్డ ఒకటి, నిండా గులాబీలు అల్లినది, చూసి మనసుపడి పెండ్లికని తీసిపెట్టుకుంది. ఒక జాకెట్టుకు సరిపోయేంతే దొరికింది. ఆ రకం మళ్ళీ రాలేదు.

"ఇంకెవరికైనా ఇద్దాం మా," అన్నాను.

"ఆ పిల్లకు మొదటి గౌను కుట్టింది నేను. పెండ్లి జాకెట్టు ఇంగొకరు కుట్టేదేంది? నువ్వు కుట్టు. నేను చెప్తా."

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. మిషన్‌కు నూనె వేయడం, బెల్టు మార్చడం, చిరిగిన చొక్కాకు తిన్నగా ఒక కుట్టు వేయడం, అంతవరకే నాకు వచ్చింది. కానీ కొలతలంటే భయం లేదు. ఆ అమ్మాయి పాత జాకెట్టు కొలిచి, ముందు, వీపు, చేతులు కాగితాల మీద విడివిడిగా గీశాను. లైనింగు దాని ప్రకారమే కత్తిరించాను. అమ్మ వంక పెట్టలేదు. ఆ ధైర్యంతో లేసు పరిచి, కాగితం పెట్టి, సుద్దతో చుట్టూ గీశాను. కాగితం తీసి చూస్తే గుడ్డ మీద గీత లేదు. లేసు ఎత్తితే బల్ల మీద జాకెట్టు వీపు ముచ్చటగా పడి ఉంది.

మంచం మీద నుంచి అమ్మ నవ్వింది. "ఏమప్పా ఇంజనీరూ, జాకెట్టు బల్లకు కుడతాండావా?"

బొక్కల గుడ్డకు సుద్ద నిలవదట. రంగుదారంతో పొడుగు కుట్లు వేసి గుర్తు పెట్టుకోవాలట. ఆ మధ్యాహ్నమంతా దానికే పోయింది.

అసలు వాదన పక్క కుట్టు దగ్గర వచ్చింది. నా గుర్తు ప్రకారం కత్తెర పోతే గులాబీలు సగానికి తెగుతాయి.

"పువ్వును కొయ్యద్దు. దాని పక్కనుంచి పో," అంది అమ్మ.

"గీత తప్పితే కొలత తప్పుతుంది మా."

"కొలత సంగతి లైనింగు చూసుకుంటాది."

"వంకరటింకరగా వస్తుంది."

"రానీ. పువ్వే వంకరగా ఉంటే నీ కత్తెర నేరుగా యాడికి పోతాది?"

ముందు భాగాన్ని పువ్వుల అంచు వెంబడి కత్తిరించి, ఆ పువ్వుల్ని వెనక భాగం మీదికి ఎక్కించి, చుట్టూ చేత్తో కుట్టాలి. నేను కత్తిరిస్తున్నంతసేపూ అమ్మ ఎడమచేతి వేళ్ళు గాలిలో కత్తెర ఆడిస్తూ ఉన్నాయి. ఒకచోట రేక తెగింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"దారంతో కట్టెయ్," అంది చివరికి. "చూస్తా కూర్చుంటే అతుక్కోదు."

చేతులు ఎక్కించడం మాత్రం మిషన్ మీదే. లేసును ఒట్టిగా పెడితే మిషన్ పళ్ళు లోపలికి లాగేస్తాయి. అందుకని కింద న్యూస్‌పేపరు పట్టీ పెట్టి, దాంతో కలిపి కుట్టి, తర్వాత పేపరు చింపేయాలి. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. అవసరం లేనిచోట కూడా పేపరు పెట్టాను.

అంతా అయ్యాక జాకెట్టు అమ్మ ఒడిలో పెట్టాను. కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో పక్క వెంబడి తడిమింది. పైకి పోయి, మళ్ళీ కిందికి వచ్చింది.

"కుట్టు యాడుండాది?"

పెండ్లి ముందురోజు అమ్మాయి వేసుకుని చూపించడానికి వచ్చింది. భుజాలు కుదిరాయి, నడుము కుదిరింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని, అమ్మ పక్కన కూర్చుంది. కూర్చోగానే మొహం చిట్లించింది.

"అత్తా, చంకలో ఏందో గరగరమంటాండాది."

అమ్మ వేలు దూర్చి, కుట్లలో ఇరుక్కున్న పేపరు ముక్కను బయటికి లాగింది. వేరుశనగ ధరలు.

"ఏమన్నా, నన్ను పంపేది పెండ్లికా, మార్కెట్ యార్డుకా?" అంది అమ్మాయి.

"ఆ ముక్కొకటే వాడిది," అంది అమ్మ, కట్టు వేసిన చేయి పైకెత్తి చూపిస్తూ. "మిగిలిందంతా నేనే కుట్టినా."