మా అన్న అమ్మిన పికప్పు బండి

పోయిన వారం పొద్దున కొత్తిమీర కొందామని మెట్లు దిగుతుంటే, అశోక్‌నగర్‌లో మేముండే అపార్టుమెంటు కింద, పక్క వాటాలో కిరాయికుండే అతను తన పాత పికప్పు బండి కిందికి వెల్లకిలా దూరి గేరుపెట్టెలోని నూనె వదులుతున్నాడు. ఇంజను నూనె వాసన వేరు, గేరు నూనె వాసన వేరు. ఇది మురిగిన ఉల్లిగడ్డలాగా ముక్కుకు కొట్టి అక్కడే ఉండిపోతుంది. ఆ వాసన తగలగానే అదే మెట్టు మీద కూర్చుండిపోయాను. మనవరాలు పరుగెత్తుకొచ్చి బీపీ అనుకుంది. బీపీ కాదని చెప్పి, అసలు సంగతి చెబితే, రాసి పెట్టుకుందాం అమ్మమ్మా అని కాగితాలు తెచ్చింది. నాకు సంతకం వరకే చదువు. అందుకని నేను చెబుతున్నాను, ఆ పిల్ల రాస్తోంది. మీలో నా ఈడువాళ్ళు ఉంటే మీకిది కొత్తగా అనిపించదు. పొట్టు పొయ్యి మీద వంట చేసినవాళ్ళయితే మరీను.

అరవై తొమ్మిది ప్రాంతం అది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా అట్టుడుకుతున్న రోజులు. ఇవాళ దుకాణం తెరిస్తే రేపు తెరుస్తారో లేదో తెలియదు, కర్ఫ్యూ ఎప్పుడు పెడతారో ఎప్పుడు తీస్తారో తెలియదు. మేము చిక్కడపల్లి గల్లీలో, ముందు కొంచెం ఖాళీ జాగా ఉన్న పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన అంతకు ముందు ఒకరి దగ్గర బండి తోలేవాడు. పెళ్ళిళ్ళకు వంట పాత్రలు, షామియానాలు మోసే బండి. ఎప్పటికైనా సొంత బండి ఉండాలని ఆయన కోరిక. మా నాన్న పోయాక నల్లకుంటలోని కట్టె కోత మిషను మా అన్న చేతికొచ్చింది, దానితో పాటు కట్టెలు మోసే ఒక పాత పికప్పు బండి కూడా. అన్న కొత్త బండి కొనుక్కుంటూ, పాతది బయటివాళ్ళకెందుకు, బావకే ఇస్తానన్నాడు. ఊరికే ఇవ్వలేదు, ఊరికే ఇమ్మని మేమూ అడగలేదు. నా చేతి గాజులు అమ్మి ఇచ్చాం.

బండి తెచ్చుకునే రోజు అన్న నన్ను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోశాడు. పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో నా కొంగులో పోసి, బండి ముందు భాగానికి బొట్టు పెట్టించి, మమ్మల్ని అందులోనే ఎక్కించి పంపించాడు. నారాయణగూడ మీదుగా వస్తుంటే, ఒడిలో బియ్యం బరువు, పక్కన మా ఆయన, బండి చప్పుడే లేదు. ఎంత పాత బండి, ఎంత మెత్తగా పోతోందో చూడమని దారంతా ఆయన చెబుతూనే ఉన్నాడు. నా పుట్టింటివాళ్ళ మంచితనం అందరికీ తెలియాలన్నట్టు నేను తల బయటకు పెట్టి కూర్చున్నాను.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. గొడవల్లో కూడా పెళ్ళిళ్ళు ఆగలేదు, ముహూర్తాలు కర్ఫ్యూను బట్టి మారేవి, అంతే. తర్వాత గేరు పడడం కష్టమయింది. రెండో గేరు వెయ్యాలంటే ఆయన భుజం కదిలేది. ఒక సోమవారం పెద్ద పెళ్ళికి పాత్రలు చేర్చాలని ఒప్పుకున్నాడు. అది పోతే మళ్ళీ ఎవరూ పిలవరు. ముందురోజు ఆదివారం, మెకానిక్కు దుకాణాలన్నీ బంద్. నూనె మారిస్తే సరిపోతుంది, ఇంట్లోనే మారుస్తానన్నాడు. ఆ రోజే మా అన్నను భోజనానికి రమ్మని పిలిచి ఉన్నాం. మా అత్త పప్పు ఎసట్లో వేసి, ఈ పని ఇయాలనే దొరికిందా అని సణుగుతూనే ఉంది.

ఆ పని ఎట్లా చేస్తారో చూడడం నాకదే మొదలు. ముందు బండిని హిమాయత్‌నగర్ దాకా తిప్పుకొచ్చాడు, నూనె వేడెక్కితే పలచబడి తొందరగా దిగుతుందట. నాలుగు చక్రాల కిందా సమంగా ఇటుకలు, చెక్కలు పెట్టి ఎత్తాడు. గేరుపెట్టెకు పక్కన కొంచెం పైన ఒక బిరడా, అడుగున ఒక బిరడా ఉంటాయి. ముందు పైది విప్పాలి, అది రాకపోతే కిందిది ముట్టకూడదు, ఉన్న నూనె వదిలేసి కొత్తది పోసే దారి లేకపోతే బండి అక్కడే ఉండిపోతుందని నాకు విడమరిచి చెప్పాడు. నూనె పట్టడానికి ఏదైనా ఇమ్మంటే నేను బియ్యం కడిగే ఇనప తట్ట ఇచ్చాను. అత్త చూసి, రేపటి సంది మనం గేరు నూనెల బియ్యం కడుక్కుందమా కోడలా అంది. మా ఆయన బండి కింద నుంచే నవ్వాడు. ఆ ఇంట్లో ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు.

పై బిరడా ఊడి వచ్చాక అడుగు బిరడా విప్పాడు. నల్లటి నూనె చిక్కగా దారం లాగా వచ్చింది, వచ్చి ఆగిపోయింది. ఇంకా రావాలి కదా అని ఇనప తీగ పెట్టి పొడిచాడు. ముద్దలు ముద్దలుగా ఏదో పడింది. పేడ లాగా ఉంది. ఇదేందో అని ఆయన వేళ్ళ మధ్య నలుపుతున్నాడు, ఆయనకు అర్థం కాలేదు. నేను వంగి, చూపుడు వేలితో కొంచెం తీసి బొటనవేలితో రుద్దాను.

మా పొయ్యి పొట్టు పొయ్యి. అన్న మిషను నుంచి గోనె సంచుల్లో రంపపు పొట్టు పంపేవాడు. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి కూరి, సీసా తీసి, రోజూ నేనే పొయ్యి కట్టేదాన్ని. పుట్టి బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి నా చేతులు పొట్టులో ఉన్నవే. కళ్ళు మూసుకుని ముట్టుకున్నా టేకు పొట్టేదో మద్ది పొట్టేదో చెప్పగలను. నూనెలో నానినా నా వేళ్ళకు తెలిసిపోయింది. ఆలోచించకుండానే నోట్లోంచి మాట వచ్చింది.

"ఇది టేకు పొట్టు."

అనేశాక గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. మా ఆయన బండి కింద నుంచి బయటికి వచ్చి నా ముఖం చూశాడు. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. లోపలి చక్రాల పళ్ళు అరిగిపోయిన గేరుపెట్టె గోల పెడుతుంది. అందులో పొట్టు పోస్తే పళ్ళ మధ్య మెత్తగా ఇరుక్కుని ఆ గోల వినపడదు, కొన్ని నెలల తర్వాత నూనెను తాగేసి, గడ్డకట్టి, ఉన్న పళ్ళను కూడా తినేస్తుంది. బండి అమ్మేవాళ్ళు చేసే పని అది. ఇంతవరకు వినడమే తప్ప కళ్ళతో చూడలేదన్నాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. గేరుపెట్టెలో పొట్టు పోసిన చేతులే నా ఒడిలో బియ్యం పోశాయా? ఆ ఒక్కటే తలలో తిరుగుతోంది. నడుమ ఆ చేతులు కడుక్కున్నాడా అనే పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. అత్త గడప మీద నిలబడి అంతా వింది. నోరున్న మనిషి. ఇక పుట్టిల్లు అనేది నాకు ఉంటుందా లేదా అన్నది అత్తా, మా ఆయనా, ఆ ఇద్దరి నోటిలో ఉంది.

మా ఆయన మాత్రం పని ఆపలేదు. కిరసనాయిలు పోసి, తిప్పి, వదిలి, ముద్దలన్నీ పోయేదాకా కడిగాడు. కింది బిరడా బిగించి, గరాటుకు రబ్బరు గొట్టం తగిలించి, పై రంధ్రంలోంచి కొత్త నూనె పొర్లి వచ్చేదాకా పోశాడు. అన్నీ బిగించి బండి స్టార్ట్ చేసి గేరు వేశాడు. గేరు పడింది. కానీ ఆ గోల! పిండి మరలో రాళ్ళు పోసినట్టు. గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. అదే సమయానికి మా అన్న సైకిలు దిగి, గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే అడిగాడు.

"మంచిగ నడిచే బండికి గేరు నూనె ఎందుకు తీసినవ్ బావా?"

మా ఆయన బండి ఆపాడు. నేనే అడిగాను, అందులో పొట్టు నువ్వే పోశావా అన్నా అని. కాదంటాడని, మిషనులో ఎవరో చేసి ఉంటారంటాడని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే అబద్ధమాడితే చాలనుకున్నాను.

"అమ్మే బండికి అందరు పోసేదే చెల్లె. బయటోడు కొన్నా గట్లనే పోద్దును. నీకని ఏమన్న ఎక్కువ పోసిన్నా?"

అట్లా అన్నాడు. సిగ్గు లేదు, కోపం లేదు, కూర ధర చెప్పినంత మామూలుగా. అప్పుడు అత్త నోరు తెరిచింది.

"బయటోనికి, చెల్లెకు ఒక్కటే లెక్కనైతే, మరి ఒడిబియ్యం బయటోనికి గూడ పోసినవా నాయనా?"

అన్న తల దించాడు. సైకిలు వెనక్కి తిప్పుకుంటాడనే అనుకున్నాను. అట్లా పోయి ఉంటే ఇక పుట్టింటి గడప నేను తొక్కేదాన్ని కాను. మా ఆయన సబ్బు పెట్టి మోచేతుల దాకా తోముకుని, తువ్వాలుతో తుడుచుకుని, అదే తువ్వాలు అన్నకు అందించాడు.

"కాళ్ళు కడుక్కో బావా. అన్నం సల్లారుతది."

అంతే. ఆ తర్వాత ఆ మాట మా ఆయన జన్మలో ఎత్తలేదు. మర్నాడు ఆ గోలతోనే పాత్రలు చేర్చాడు, ఆ గోలతోనే ఏళ్ళు నడిపాడు, పళ్ళచక్రాలు ఒక్కొక్కటే మార్పించుకున్నాడు. అన్న మళ్ళీ పొట్టు సంచులు పంపాడు, నేను పొయ్యి కట్టాను. మళ్ళీ పిలిచి ఒడిబియ్యం పోశాడు, నేను కొంగు పట్టాను. ఇప్పుడు ఇద్దరూ లేరు.

కొత్త బండ్లకు గేరే వెయ్యక్కర్లేదట, ఎవరూ కిందికి దూరక్కర్లేదట. చిక్కడపల్లిలో మా పెంకుటిల్లు ఉన్నచోట ఐదంతస్తులు లేచాయి. అక్కడ ఒకే కడుపున పుట్టినవాళ్ళు పైనొకరు, కిందొకరు ఉంటారు, లిఫ్టులో ఎదురైతే ఫోన్లు చూసుకుంటారు. ఏం గొడవయిందని అడిగితే వకీలును అడగమంటారు. వాళ్ళకు ఏది తప్పో నోరు విప్పి చెప్పడం వచ్చు, మాకు రాలేదు. ఏది నయమో నాకు తెలియదు.

ఇంతా రాసి మనవరాలు కలం ఆపి, మరి మీ అన్నను క్షమించావా అమ్మమ్మా అని అడిగింది. ఆ మాట మేమెప్పుడూ వాడలేదు. ఆ రోజు మా అన్న పచ్చిపులుసు పోసుకుని తిని, తల ఎత్తకుండా, ఇంకొంచెం అన్నం పెట్టమని విస్తరి ముందుకు జరిపాడు. పెట్టాను.