డ్రమ్ము లోపల రాసిన రెండు మాటలు

నా చిన్నప్పుడు అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీ ఊళ్లో మా పక్కింటివాళ్ల గ్యారేజీలో కారుకు చోటుండేది కాదు. నిండా డ్రమ్ములే. పక్కింటి తాత రిటైరయ్యాక, పూర్వం సైన్యాల ముందు మోగిన డ్రమ్ముల లాంటివే అచ్చంగా చేసేవారు. పాతకాలపు యుద్ధాలను ఆనాటి దుస్తుల్లో మైదానాల్లో మళ్లీ ఆడి చూపించే బృందాలు వాటిని కొనుక్కునేవి. గోడ మీది మేకులకు ఇత్తడి బ్యూగిళ్లు వేలాడేవి. వాటి సొట్టలు తీయడం, మెరుగు పెట్టడం కూడా ఆయన పనే. చెక్కను గుండ్రంగా వంచి, రెండు వైపులా దూడ తోలు బిగించి, చుట్టూ తాడు అల్లేవారు. దూడ తోలు కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన ప్రతిసారీ మా అమ్మ నా చేత కాళ్లూ చేతులూ కడిగించాకే వంటింట్లోకి రానిచ్చేది. వెళ్లొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఏ కొట్టుకు వెళ్లినా తెలుగు వినిపిస్తుంది. అప్పుడు మా వీధి మొత్తంలో తెలుగు చదవగలిగేది ముగ్గురమే, అమ్మా నాన్నా నేనూ. ఆదివారం పొద్దున్నే నాన్న నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి రాయడం నేర్పేవారు. ఆ చదువును నేను దేనికి వాడుకున్నానో చెప్పడానికి ఈ వయసులోనూ సిగ్గేస్తుంది.

పక్కింటి తాతకు నా ఈడు మనవరాలు ఉండేది, ఆయన దగ్గరే పెరుగుతుండేది. ఇద్దరికీ తొమ్మిదేళ్లు. ఆ ఏడు మా ఊరి పరేడ్‌లో, తాత చేసిన కొత్త డ్రమ్ము మెడలో వేసుకుని బృందం ముందు నడవడానికి ఆమెను ఎంచుకున్నారు. మూడు నెలలు పాత టైరు మీద పుల్లలతో కొట్టి నేర్చుకుంది. నన్ను ఎవరూ పిలవలేదు. నాకూ నేర్పమంటే తాత నేర్పేవారేమో, కానీ నేను అడగలేదు. లోపల్లోపల ఉడుక్కుంటూ ఆ టైరు పక్కనే కూర్చునేదాన్ని.

పరేడ్‌కు నాలుగు రోజుల ముందు ఆమె మంచినీళ్లకని ఇంట్లోకి వెళ్లింది. డ్రమ్ము బల్ల మీద ఉంది. పక్కనే తోలుకు చిల్లులు పొడిచే ఆర ఉంది. తోలు ఎంత బిగుతుగా ఉందో చూద్దామని దాని మొనతో నొక్కాను. చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. నిజానికి అది చిరగాలనే నొక్కాను. పట్‌మని చిన్న చప్పుడై, బెత్తెడు మేర చీలిపోయింది. ఆరను ఉన్నచోట పెట్టేసి దూరంగా జరిగాను.

ముందు ఆమె వచ్చింది. చీలిక చూసి దాని మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే తాత లోపలికొచ్చారు. ఎవరి పని ఇది అని అడిగారు. నేను ఆమె వైపు చూశాను, అంతే. అంతకుముందు రెండుసార్లు అడగకుండా పనిముట్లు తీసి ఆమె చీవాట్లు తిని ఉంది.

"నేను కాదు గ్రాండ్‌పా," అంది.

"చిరిగినందుకు కాదు నా కోపం. అబద్ధం చెప్తున్నావు చూడు, అందుకు. శనివారం పరేడ్‌లో నువ్వు నడవడం లేదు," అన్నారాయన.

ఆమె నా వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. నేను గోడ మీది బ్యూగిళ్లు చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు తాత నన్ను సాయానికి పిలిచారు. నానబెట్టిన కొత్త తోలును చెక్క కట్టుకు మడిచేటప్పుడు అంచు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. మనవరాలు గదిలోంచి రానంటోంది. తోలు బిగించే ముందు ఆయన నా చేతికి పెన్సిల్ ఇచ్చారు. "సాయం చేసినవాళ్లు లోపల ఒక మాట రాయాలి. నా దగ్గర అదొక పద్ధతి. నేను చూడను," అని తల తిప్పుకున్నారు.

నేను తెలుగులో రాశాను. "చింపింది నేనే."

రాశాక గుండెల మీంచి బరువు దిగిపోయినట్టయింది. నిజం చెప్పేశాను కదా అనుకున్నాను. ఎవరికీ అర్థం కాకుండా చెప్పినా అది నిజమేనన్న తెలివి నాకు ఆ వయసుకే వచ్చేసింది.

శనివారం ఆ డ్రమ్ముతో వేరే పిల్లవాడు నడిచాడు. మేమిద్దరం రోడ్డు పక్కన నిలబడి చూశాం. బృందం దగ్గరకొచ్చేసరికి, తనకు తెలియకుండానే ఆమె వేళ్లు తొడల మీద అవే దెబ్బలు వేస్తున్నాయి. నేను మరోవైపు తిరిగాను.

తాళ్లు బిగించడానికి డ్రమ్ము మళ్లీ గ్యారేజీకి వచ్చింది. దాని పక్కన గాలి ఆడటానికి చిటికెన వేలంత రంధ్రం ఉంటుంది. ఆమె అందులోంచి టార్చిలైటు వేసి చూసి, ఇవి మీ అక్షరాలు కదా, ఏం రాశావు అని అడిగింది.

"మా తాత చేసిన డ్రమ్ము అని," అన్నాను.

"బాగున్నాయి. నాకూ నేర్పు. గ్రాండ్‌పా బర్త్‌డే వస్తోంది, కార్డు మీద రాస్తాను."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. వేరే మాట నేర్పితే, డ్రమ్ములో ఉన్నదానితో పోల్చి చూస్తుందని భయం. అందుకని అవే రెండు మాటలు నేర్పాను. మూడు రోజులు కూర్చుని, ఆ సున్న ఎందుకు, ఈ గుడి ఎందుకు అని అడుగుతూ నేర్చుకుంది.

పుట్టినరోజుకు మమ్మల్నీ పిలిచారు. ఆమె గీసిన డ్రమ్ము బొమ్మ కింద రంగు పెన్సిళ్లతో పెద్ద పెద్ద అక్షరాలు. తాత పొంగిపోయి, కార్డును నేరుగా నాన్న చేతిలో పెట్టారు. నా మనవరాలు మీ భాషలో రాసింది, తప్పులున్నాయేమో చూడండి అన్నారు.

నాన్న చదివారు. నవ్వబోయి ఆగిపోయారు. ఎవరు నేర్పారని ఆమెను అడిగారు. ఆమె గర్వంగా నన్ను చూపించింది. "డ్రమ్ము లోపల కూడా ఇదే ఉంది. తనే రాసింది."

డ్రమ్ము చిరిగిన సంగతి నాన్నకు తెలుసు. నా మొహం చూశారు. కార్డు నాకిచ్చి మెల్లగా తెలుగులో అన్నారు, "నువ్వే చదువమ్మా. తర్వాత వాళ్లకి ఇంగ్లిష్‌లో చెప్పు. నేను చెప్పను."

కార్డు చేతిలోకి తీసుకున్నాకే నాకు తెలిసివచ్చింది. చేయని తప్పును ఆ పిల్ల తన చేత్తో ఒప్పుకుంటూ, దాన్ని తాతకు కానుకగా ఇచ్చింది. రాయించింది నేను. చదివాను. ఇంగ్లిష్‌లో చెప్పాను. ఈ మాట నాది, తనది కాదు అని కూడా చెప్పాను.

తాత నన్ను తిడతారనుకున్నాను. ఆయన నా వైపు చూడనేలేదు. కీళ్ల నొప్పుల మనిషి, కుర్చీ పట్టుకుని మనవరాలి ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. "నువ్వు నిజం చెప్పావు. నేను నమ్మలేదు. తప్పు నాది," అన్నారు. అంతే. ఎందుకంటే అని మొదలుపెట్టలేదు. అందులోకి నన్ను లాగలేదు. ఒక పెద్దాయన చిన్నపిల్లకు అలా చెప్పడం నేను అంతవరకూ చూడలేదు.

తర్వాత నేను వెళ్లి తప్పయిపోయిందని చెప్పాను.

"గ్యారేజీలో ఇంకెవరూ లేరు కదా. నువ్వేనని నాకు తెలుసు," అంది. "శనివారంలోపు నువ్వే చెప్తావనుకున్నాను."

మేం మళ్లీ ఆడుకున్నాం. మరుసటి ఏడు పరేడ్ రాకముందే వాళ్ల అమ్మ వచ్చి ఆమెను వేరే రాష్ట్రానికి తీసుకెళ్లింది.

మా అమ్మాయికి పదహారేళ్లప్పుడు, తను చేయని పనికి నేను గట్టిగా కేకలేశాను. నిజం తెలిశాక, తన గది తలుపు కొట్టి, నేల మీద కూర్చుని, తప్పు నాది అన్నాను. ఎందుకంటే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. ఎవరి పట్ల తప్పు చేసినా, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో, వాళ్ల మొహం చూసి చెప్పాలని ఆ పుట్టినరోజున నేర్చుకున్నాను. చాలాసార్లు చెప్పగలిగాను కూడా. అయినా ఎక్కడైనా పరేడ్ వస్తోందంటే నేను ముందు వరుసలో నిలబడను. ఆ శనివారాన్ని ఆమెకు తిరిగి ఇచ్చే దారి నాకు ఇప్పటికీ దొరకలేదు.